అక్క చేతికందే సొరుగులు

తెల్లబయలుకి ఇంకా 22 రోజులు

మా బిడారులో చేతిపని చేసే ప్రతివాళ్ళూ పనిపుస్తకం రాయాలి. మన తర్వాత పనిముట్లు ఎవరి చేతికొస్తే వాళ్ళు చదువుకుని, మనం చేసిన తప్పులు మళ్ళీ చేయకుండా ఉంటారట. నేను ఆరేళ్ళుగా ఎగ్గొడుతూ వచ్చాను. నిన్న తిప్పేస్వామి మామ ఈ పుస్తకం తెచ్చి నా రంపం మీద పెట్టి, "రాయకపోతే పనిముట్లు ఎత్తుకపోతా సుంకులూ" అన్నాడు. బిడారు పెద్ద కాబట్టి అంటాడు, ఎత్తుకుపోడు. అయినా రాస్తున్నాను. ఈసారి పని నాకు నచ్చింది.

పని ఏమిటంటే, మా వ్యానులో ఐదు సొరుగులు. మా వ్యాను అంటే నాదీ, మా అక్క మారెక్కదీ. వెనక తలుపు తీస్తే ఎడమపక్క నా మంచం, కుడిపక్క అక్క మంచం, మధ్యలో మూరెడు సందు. నాలుగేళ్ళ కిందట నీళ్ళబండి మీదినుంచి పడినప్పటినుంచీ అక్కకి నడుము కింద కదలిక లేదు. చేతులు మాత్రం నా చేతులకన్నా గట్టివి. ఆమెకి ఏం కావాలన్నా నేనే అందించాలి. నేను పని మీద బిడారు ఆ చివరికి పోతే దాహమేసినా నోరు మూసుకుని పడుకుంటుంది. ఎవరినీ అడగదు. అడిగి సాధించేవాళ్ళతో వేగవచ్చు గాని, అడగనివాళ్ళతో వేగడం నావల్ల కాదు.

అందుకని నా మంచం కింద ఉన్న ఖాళీలో సొరుగులు పెడుతున్నాను. అవి సందులోకి తెరుచుకుంటాయి. అక్క తన మంచం మీదినుంచి చెయ్యి చాపితే అందుతాయి. నీళ్ళకొకటి, తిండికొకటి, మందులకొకటి, బట్టలకొకటి, మరుగుగిన్నెకొకటి.

తెల్లబయలుకి ఇంకా 20 రోజులు

చెక్క దొరికింది. దారిలో కూలిపోయిన ఆఫీసు ఒకటుంటే దాని బల్లలు విప్పి తెచ్చాను. పైన సన్‌మైకా అంటించిన ప్లైవుడ్. కోస్తే తళతళలాడే పొడి రాలుతుంది, ముక్కులోకి పోతే తుమ్ములే తుమ్ములు.

కదిలే బండిలో సొరుగు చేయడం ఇంట్లో చేయడం లాంటిది కాదు. మలుపు తిరిగితే ఐదూ ఒక్కసారి బయటికి దూకుతాయి. అందుకని ప్రతి సొరుగు అడుగునా ముందువైపు ఒక గాడి కొడుతున్నాను. మూయగానే గాడి పట్టెలో కూర్చుంటుంది, కొంచెం పైకెత్తి లాగితేనే వస్తుంది. పడుకున్న మనిషి ఎత్తగలగాలి కాబట్టి గాడి లోతు రెండు గీతలే. పట్టెలకి సబ్బు రుద్దాను. సొరుగు వెనక ఆపడానికి వేరే అడ్డు పెట్టలేదు, వ్యాను గోడే అడ్డు. చెక్క కలిసొస్తుంది.

కొలతలకి నా కొలబద్ద వాడుతున్నాను. పోయినేడు గాలికోసం నా వైపు గోడకి కంత కొట్టినప్పుడు మిగిలిన రేకు ముక్కని సన్నగా కోసి, మేకుతో గీతలు పెట్టుకున్నాను. బిడారులో పాత టేపులన్నీ తుప్పుపట్టి పోయాయి, ఇప్పుడు అందరం ఇలాంటివే వాడుతున్నాం. నా మంచం పక్క గోడకి మేకు కొట్టి తగిలిస్తాను. గోడ నుంచి సందు దాకా అరవై గీతలు. సొరుగు కూడా అరవై.

నా మంచం నిండా చెక్కలూ పనిముట్లే. అందుకని ఎండవేళ నిద్ర వ్యాను కింద నీడలో కానిస్తున్నాను.

తెల్లబయలుకి ఇంకా 18 రోజులు

మొదటి సొరుగు పెట్టాను. వేలితో తోస్తే వెళ్ళి గోడకి తగిలి, గాడిలో కూర్చుని, ముందు చెక్క మంచం అంచుతో సమానంగా ఆగింది. నాకు నేనే శభాష్ అనుకున్నాను, చుట్టూ అనేవాళ్ళు ఎవరూ లేకపోతే ఏం చేస్తాం.

అక్క నాలుగుసార్లు తీసి మూసింది.

"బాగుండాది. మిగతావి గూడా ఇట్లనేనా?"

"ఇట్లనే. మరుగుగిన్నె నీ నడుముకాడికొస్తాది. ఎవురూ లేకున్నా తీసుకోవచ్చు."

"ఎవురూ లేకున్నా," అంది అక్క. మళ్ళీ ఒకసారి తీసి మూసింది.

ఈ పుస్తకం అక్క చదవదు కాబట్టి ఒక మాట రాస్తాను. పోయిన మజిలీలో ఉత్తరం బిడారు వాళ్ళు కలిశారు. వాళ్ళు మనలాగా నాలుగు రోజులు తలుపులు బిగించుకుని ఆ మండే తెల్లబయలు దాటరు, వానలు పడే కొండల్లోకి ఎక్కిపోతారు. వాళ్ళకి వడ్రంగి లేడు. వస్తావా అని అడిగారు. వాళ్ళు నాకొక కొమ్మ ముక్క చూపించారు, అప్పుడే కొట్టింది, తడిగా ఉంది. ముప్పయ్యేళ్ళ బతుకులో పచ్చి చెక్క వాసన చూడ్డం అదే మొదటిసారి. ఆలోచిస్తానన్నాను. మనం తెల్లబయల్లోకి దిగిన పన్నెండు రోజులకి వాళ్ళు దాని అంచునున్న రాళ్ళమజిలీకి వస్తారట. అక్కని తీసుకోరు, పని చేయలేనివాళ్ళకి వాళ్ళ దగ్గర చోటు లేదు. ఆలోచిస్తానన్నాను, అంతే.

తెల్లబయలుకి ఇంకా 15 రోజులు

మూడు సొరుగులయ్యాయి. మొదటిది మాత్రం మొరాయిస్తోంది. పూర్తిగా మూసుకోవడం లేదు, వేలెడు బయటికి నిలబడుతోంది. కొలబద్ద పెట్టి చూశాను. చోటు అరవై గీతలే ఉంది. సొరుగు అరవై రెండుంది. అంటే చెక్క ఉబ్బిందన్నమాట. రెండురోజులుగా తెల్లవారుజామున మంచు పడుతోంది, ఆఫీసుల్లో హాయిగా పడున్న చెక్కకి మంచు కొత్త కదా. వెనకవైపు రెండు గీతలు కోసేశాను. సరిపోయింది.

నా మంచం మీదా కిందా మళ్ళీ తళతళలాడే పొడి. నిన్ననే ఊడ్చాను, ఇవాళ లోపల ఒక్క కోత కూడా కోయలేదు. చెక్కల మీదిది గాలికి రాలి ఉంటుంది. మొత్తం ఊడ్చి, రంపపు పొట్టులో కలిపి హంపమ్మవ్వకి ఇచ్చాను. బిడారులో అందరికీ వండేది ఆమే, పురుళ్ళు పోసేది ఆమే. ఆమె పొట్టు పొయ్యికి నేను రోజూ ఒక గంపెడు పంపిస్తాను.

తెల్లబయలుకి ఇంకా 13 రోజులు

ఐదూ అయ్యాయి. ఐదూ బయటికి నిలబడ్డాయి. రెండేసి వేళ్ళు.

కోపం వచ్చి సుత్తి విసిరేశాను. చెక్క అడ్డంగా ఉబ్బుతుంది గాని పొడుగునా ఉబ్బదు. ప్లైవుడ్ అయితే అసలే ఉబ్బదు, విడిపోతుంది. ఈ సంగతి పనిలో చేరిన మొదటి వారమే నేర్పుతారు. నాకు తెలుసు. తెలిసి కూడా ఉబ్బిందనే రాసుకున్నాను, ఎందుకంటే కొలబద్ద చోటు అరవై అనే చెబుతోంది. కొలబద్ద అబద్ధం ఆడుతుందని ఏ వడ్రంగీ అనుకోడు.

నేను గొణుక్కుంటుంటే అక్క పైకప్పు చూస్తూ మాట్లాడింది.

"సుంకీ, నువ్వు ఎండపొద్దు బయట పండుకుంటావు గదా. అప్పుడు ఆ గోడ నీ మంచం తడుముకుంటాది."

"ఏ గోడ?"

"నీ పక్క గోడే. సబ్దం వస్తాది. చీకట్లో మనిషి దీపం కోసరం బల్లంతా తడుముతాడే, అట్ల. శానాసేపు తడుముతాది. అంతలోకే నిలబడిపోతాది. ఆ పైన సన్నంగా ఏందో రాలే సబ్దం."

"ఎన్ని దినాలనుంచి?"

"వారమైతాదేమో."

"నాకి చెప్పాల్సింది గదా."

"పనిలో ఉంటివి," అంది.

మంచు కాదు, చెక్క కాదు అని అప్పుడే తట్టాల్సింది. తట్టలేదు. ఐదు సొరుగులూ విప్పి మళ్ళీ కోశాను.

తెల్లబయలుకి ఇంకా 11 రోజులు

పొద్దున్నే హంపమ్మవ్వ వచ్చింది. పలకరింపు లేదు. కొంగుముడి విప్పి నా అరచేతిలో పోసింది. ఆవగింజలంత తెల్లటి గుండ్లు, గుప్పెడున్నాయి.

"పొయ్యి బూడిద ఎత్తుతుంటే అడుగున దొరికినాయి. ఏందమ్మే ఇవి?"

"సన్‌మైకా పొడి కరిగిందేమో అవ్వా."

"సన్‌మైకా మాడి బొగ్గయితాది, కరగదు. నా చేతుల మీద ముప్పై పురుళ్ళు పోసినా. ఈ తెలుపు నాకి తెలుసు. ఇది రేకుపొడి."

నా చేతిలో గుండ్లు చల్లగా ఉన్నాయి, మంటలోంచి వచ్చినవైనా.

మా వ్యానులన్నీ ఒదుగురేకుతో చేసినవి. ఈ పుస్తకం చదివేవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు, అయినా రాసుకుంటున్నాను, నా బుద్ధికి ఎక్కాలని. లోపల ఎంతమంది ఊపిరి తీస్తే రేకు అంతమందికి ఒదుగుతుంది. తెల్లబయల్లో తలుపులు మూశాక గాలీ చల్లదనమూ అంతమందికే ఇస్తుంది. మనిషి పోతే పొడి రాల్చుకుంటూ బిగుసుకుంటుంది. ఆ పొడిని ఒక్క రవ్వ పోకుండా ఎత్తి డబ్బాలో దాస్తాం. ఇంకో వ్యానులో పురుడొస్తే గోడకి ఆ పొడి పూస్తే, రేకు దాన్ని తాగి బిడ్డకి చోటిస్తుంది. పొడి లేకుండా రేకు పెరగదు. నేను మా వ్యాను పొడిని వారం పైగా ఊడ్చి, పొయ్యిలో పెట్టించి, బిడారంతటికీ సంగటి వండించాను.

హంపమ్మవ్వ వ్యానులోకి ఎక్కి, ఈ గోడనుంచి ఆ గోడకి జానలు వేసింది. కొత్తగా వ్యాను ఇచ్చినప్పుడు కూడా ఆమే వేసింది, అప్పుడు తొమ్మిది జానలు.

"ఎనిమిది. ఎనిమిదికి గూడా రెండు వేళ్ళు తక్కువే."

"కొలబద్ద అట్ల చెప్పలేదే."

"దాన్ని యాడ తగిలిస్తావు?"

గోడ వైపు చూపించాను. ముసలామె నా ముఖం చూసింది. కోసిన ముక్క చచ్చిందనుకుంటాం. తల్లిగోడని ఆనుకుని ఏడాదిగా వేలాడుతున్న ముక్క ఎందుకు చస్తుంది? గోడ కుంచించుకుంటుంటే అదీ కుంచించుకుంది. గీతలన్నీ దగ్గరపడ్డాయి. చోటు ఎప్పుడూ అరవయ్యే.

దిగుతూ హంపమ్మవ్వ గొంతు తగ్గించింది. "కొన్ని రేకులు ముందే మొదులుపెడతాయి తల్లీ. మనిషి పోయేదానికి పది పన్నెండు దినాల ముందే. నేను చూసినా."

అక్క లోపల దుప్పటి మడతపెట్టుకుంటోంది.

తెల్లబయలుకి ఇంకా 10 రోజులు

నిన్నంతా అక్క ఊపిరి లెక్కపెడుతూ కూర్చున్నాను. నుదుటి మీద చెయ్యి వేస్తే తోసేసింది. దగ్గు లేదు, జ్వరం లేదు. రెండు ముద్దలు ఎక్కువే తింది.

ఇవాళ అక్క వైపు గోడ చూశాను. ఒదుగురేకు మనిషి ఆనుకున్నచోట మెల్లగా పల్లమవుతుంది. అక్క భుజానికీ తలకీ ఏళ్ళుగా పడిన పల్లం అలాగే ఉంది, అరచెయ్యి పట్టేంత లోతు. జానలు వేశాను, గోరంత కూడా తేడా లేదు.

తర్వాత నా మంచం మీది చెక్కలన్నీ తీసేశాను. పది రోజుల తర్వాత నా పరుపు కనిపించింది. గోడ దాని మీదికి వచ్చేసింది. పరుపు అంచు ముడుచుకుని పైకి లేచింది. నా భుజం ఉండే పల్లం లేదు. చెయ్యి పెట్టి తడిమాను, ఎక్కడా లేదు. కొత్త పళ్ళెం లాగా నున్నగా ఉంది.

"నన్ను గాదు లెక్కలోంచి తీసేసింది," అంది అక్క వెనకనుంచి. "నిన్ను."

"నేను బతికే ఉండాను గదా."

"బతికే ఉండావు, ఈడ లేవు. పండుకునేది బయట, తినేది బయట. లోపలికొస్తే కొలతలు తీసుకుని దిగిపోతావు. దానికేం తెలుస్తాది పాపం."

"నీ కోసరమే గదక్కా చేస్తాండేది."

"నా కోసరమే. నీళ్ళు నాకి అందల్ల, తిండి అందల్ల, ముడ్డికిందికి గిన్నె గూడా నాకే అందల్ల. నువ్వు లేకుండా నాలుగు దినాలు నేను బతకల్ల. మొదటి సొరుగప్పుడే తెలిసింది సుంకీ. ఉత్తరం వాళ్ళు ఎప్పుడొస్తారు?"

ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు. నాకు నేను కూడా సరిగ్గా చెప్పుకోలేదు. ఆలోచిస్తానన్నాను, అంతే, అని ఈ పుస్తకంలో రెండుసార్లు రాశాను. కోస్తున్నంతసేపూ ఎవరికి ఎంత చెయ్యి అందుతుందో కొలిచిన చేతులు నావే. రేకుకి ముందే తెలిసింది, అక్కకి ముందే తెలిసింది. తెలియంది నాకే. సిగ్గేసింది. ఏడ్చాను కూడా.

అక్క చెయ్యి చాపి నీళ్ళ సొరుగు ఎత్తి లాగి, చెంబు తీసి నాకిచ్చింది.

తెల్లబయలుకి ఇంకా 9 రోజులు

తిప్పేస్వామి మామ వచ్చి చూశాడు. తెల్లబయలు ముందు ప్రతి వ్యానునూ చూడటం ఆయన పని.

"ఇది ఒక్క మనిషి వ్యాను సుంకులూ. ఇద్దురు కూచుంటే రెండో దినానికి గాలి సాలదు."

"వేరే వ్యానులో ఎక్కుతా నేను."

"యాదాంట్లో? అన్నీ సరిగ్గా ఉండాయి. ఒక్కరెక్కువైతే అందురి ప్రాణం మీదికొస్తాది. పొడి ఒక డబ్బా ఉన్నింది, పోయిన్నెల పురిటికి పూసేస్తిమి." కాసేపు టోపీ తిప్పుకుంటూ నిలబడ్డాడు. "రాళ్ళమజిలీలో రాతికొట్టం ఉండాది. నీళ్ళు పెట్టిపోతాం. నువ్వు చేతిపని ఉండేదానివి, బిడారుకు కావల్సినదానివి. మీ అక్క..."

"మామా, ఆ మాట పూర్తి చేయద్దు."

చేయలేదు. మంచివాడు. కానీ ఆ వాక్యం మా ఇద్దరి మధ్యా అలాగే నిలబడి ఉంది. కొట్టంలో సొరుగులు లేవు, మంచం లేదు, పన్నెండు రోజులు. ఉత్తరం వాళ్ళు వచ్చినా అక్కని ఎక్కించుకోరు.

నేను ఎండవేళ నిద్ర ఇవాల్టినుంచి లోపలే. తిండి లోపలే. రేకుకి నా ఊపిరి గుర్తు చేస్తాను. ఎక్కడికీ పోవడం లేదు. ఉత్తరం వాళ్ళు ఇంకో వడ్రంగిని వెతుక్కోనీ.

తెల్లబయలుకి ఇంకా 7 రోజులు

ముడుచుకున్న పరుపు మీద గోడకి వీపు ఆనించి పడుకుంటున్నాను. ఎండ నడినెత్తికి వచ్చినప్పుడు రేకు వెచ్చబడుతుంది, మామూలే. కానీ ఇప్పుడు నా వీపు ఎక్కడుందో అక్కడే వెచ్చబడుతోంది. ఆ తర్వాత ఆ సద్దు మొదలైంది. అక్క చెప్పింది నిజమే. మెడ దగ్గర మొదలై, వెన్ను మీదుగా నడుము దాకా, చర్మానికి అవతలినుంచి ఎవరో వేళ్ళతో గుర్తుపట్టాలని చూస్తున్నట్టు. లేచి పారిపోవాలనిపించింది. పళ్ళు బిగబట్టి పడుకున్నాను. నేనే, సుంకులునే అని మనసులో చెప్పుకుంటూ.

సొరుగులు ఇవాళ ఒక వేలు లోపలికి పోయాయి. జాన వేసి చూశాను. గోడ నిజంగానే వెనక్కి జరిగింది. నా భుజం దగ్గర పల్లం మొదలవుతోంది, పావలా బిళ్ళంత.

హంపమ్మవ్వకి చెబితే నమ్మలేదు. "పొడి లేకుండా పెరిగిన రేకును నేను చూడలేదు," అంది. ముసలివాళ్ళు చూడనివి కూడా ఉంటాయి.

తెల్లబయలుకి ఇంకా 4 రోజులు

రెండు వేళ్ళు. మూడు. నా పల్లంలో నా భుజం పట్టింది. ఐదు సొరుగులూ మంచం అంచుతో సమానంగా మూసుకున్నాయి. ఇంత సంతోషం నాకు చాలా ఏళ్ళ తర్వాత. మామకి రేపు చూపిద్దామనుకుంటూ అక్కకి తల దువ్వడానికి కూర్చోబెట్టబోయాను.

కూర్చోబెట్టబోతే అక్క "వద్దులే" అంది.

"ఏం?"

"ఇట్లనే బాగుండాది."

పక్కకి తిరిగి పడుకుని ఉంది. మూడురోజులుగా అలాగే పడుకుంటోందని అప్పుడు గుర్తొచ్చింది. దుప్పటి లాగేశాను. అక్క వైపు గోడ ఆమె మంచం మీదికి వచ్చేసింది. భుజం పల్లం పూడిపోయింది. వెల్లకిలా పడుకోవడానికి చోటు లేక పక్కకి తిరిగింది. మోచేతికి గోడ రాసుకుని రాసుకుని తోలు లేచిపోయింది. కదలని కాళ్ళ వైపు ఇంకా ఘోరం, ఎడమకాలు మడమ రేకుకీ మంచం చట్టానికీ మధ్య నలిగి నల్లబడింది. ఆమెకి నొప్పి తెలియదు కాబట్టి నాకు తెలియలేదు.

జానలు వేశాను. ఈ గోడనుంచి ఆ గోడకి ఎనిమిదికి రెండు వేళ్ళు తక్కువ. అప్పుడెంతో ఇప్పుడూ అంతే. రేకు పెరగలేదు. నాకిచ్చిందంతా అక్క దగ్గర తీసుకుంది.

"ఎందుకు చెప్పలేదక్కా?"

"నిన్ను పెట్టుకోవల్లని అది పాటుపడతాంది. నేనెందుకు అడ్డం?" అక్క నా వైపు తిరగాలని చూసింది, తిరగలేకపోయింది. "నేనే దిగతా సుంకీ. కొట్టం దగ్గర దించిపో. నా వయసుకి సాలు."

"నలభయ్యేళ్ళు ఒక వయసా."

"ముడ్డికింద గిన్నె పెట్టించుకునేటోళ్ళకి సాలు."

నేను ఆమెని తిట్టాను. చాలా తిట్టాను, ఇక్కడ రాయను. ఒకరికొకరం తోసుకుంటున్నంతసేపూ మాకు చెరోపక్కా గోడలు రెండూ వెచ్చగా, నిశ్శబ్దంగా ఉన్నాయి. అవి మా మాటలు వింటున్నాయనుకోను. ఎవరి ఊపిరి వినాలో తేలేదాకా కాచుకుని ఉన్నాయంతే.

సాయంత్రానికి నా పరుపు చుట్టి బయటపెట్టాను.

తెల్లబయలుకి ఇంకా 2 రోజులు

అక్క వైపు గోడ వెనక్కి పోయింది. ఇవాళ వెల్లకిలా పడుకుంది. మడమకి హంపమ్మవ్వ పసుపు కట్టు కట్టింది.

నా మంచం మీదికి గోడ మళ్ళీ వచ్చేసింది. ఈసారి ఇంకా త్వరగా వచ్చింది, దారి తెలిసిన మనిషిలాగా. సొరుగులు ఐదూ మళ్ళీ వెనకవైపు కోశాను. కొలబద్ద పారేసి, నా వేళ్ళతో కొలిచాను. పొట్టి సొరుగులు, అయినా పట్టాల్సినవి పడతాయి. ఇలా చేసేవాళ్ళకి ఒక మాట: నీళ్ళ సొరుగుకి అడుగుచెక్క మందంగా వేయండి, నిండు చెంబులు నాలుగు పెడితే పల్చటిది వంగుతుంది.

అక్క చేత అన్నీ తీయించాను. నీళ్ళు, రొట్టెలు, బెల్లం, మందులు, గుడ్డలు, గిన్నె. కళ్ళు మూసుకుని మళ్ళీ తీయించాను. ఎక్కడా తడబడలేదు. తెల్లబయలు దాటే నాలుగు రోజులు గడుస్తాయి. అవతల తలుపు తెరవగానే హంపమ్మవ్వ ఈ వ్యానుకే ముందు వస్తానంది, ఒట్టు కూడా వేసింది. ఆ తర్వాత రోజూ ఆమే చూసుకుంటుంది. నేను కొట్టంలో ఆగి ఉత్తరం వాళ్ళతో పోవడానికి మామ కూడా ఒప్పుకున్నాడు, వడ్రంగిని పోగొట్టుకుంటున్నందుకు నా మీద అలిగాడు గాని.

నెల కిందట నేను కోరుకున్నది సరిగ్గా ఇదే. కావాలనుకున్నది చేతికొస్తే ఇంత భయమేస్తుందని ఎవరూ చెప్పలేదు.

రాళ్ళమజిలీ

బిడారు పొద్దెక్కకముందే బయల్దేరింది. వ్యానులన్నీ ఒకదానికొకటి గొలుసులతో కట్టుకుని, ముందు బండి లాగుతుంటే పోతాయి. తెల్లబయల్లో ఎవరూ నడపరు.

తలుపులు మూసేముందు తిప్పేస్వామి మామ ఒక్కో వ్యాను దగ్గరా ఆగి ఎంతమందని అడుగుతాడు. లోపలివాళ్ళు చెబితే రాసుకుని తలుపు బిగిస్తాడు. బయటివాళ్ళు చెప్పకూడదు, లోపలినుంచే రావాలి ఆ మాట. చిన్నప్పటినుంచీ అంతే.

నేను తలుపు పక్కన నిలబడ్డాను. అక్క దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. జడ నేనే వేశాను. నా మంచం ఉన్నచోట ఇప్పుడు సగం దాకా గోడే, మిగిలిన సగం కిందినుంచి ఐదు సొరుగుల ముఖాలు.

"ఎంతమంది?" అన్నాడు మామ.

"ఇద్దురం," అంది అక్క.

మామ నా వైపు చూశాడు. తర్వాత పుస్తకంలోకి చూశాడు.

"మారెక్కా. లోపల ఎంతమంది?"

"ఇద్దురం."

అక్క నా వైపు చూడలేదు. నీళ్ళ సొరుగు మీద చెయ్యి పెట్టుకుని ఎదురుగోడని చూస్తోంది. ఎండ పైకొస్తోంది, వెనక వ్యానువాళ్ళు తొందరపెడుతున్నారు. మామ మూడోసారి అడగడానికి నోరు తెరిచాడు. అతన్ని ఆపి, నేను లోపలికి తల పెట్టాను. గడప మీద రెండు చేతులూ ఆనించి, నోరు లోపల ఉండేలాగా, ఆ మాట లోపలినుంచే వచ్చేలాగా చెప్పాను.

"ఒక్కరే మామా."

మామ రాసుకున్నాడు. నేను తల బయటికి తీసుకున్నాక తలుపు బిగించాడు.